ఇండోచైనా యుద్ధంలో ఎవరి చేతిలో ఏ తుపాకీ: తూటాల లెక్క నుంచి ఒక జవాబు

మీ ప్రశ్నలో మూడు సంగతులున్నాయి. ఫ్రెంచ్ వలసగా ఉన్న వియెత్నాం ప్రాంతంలో 1946 నుంచి 1954 వరకు జరిగిన ఇండోచైనా యుద్ధంలో ఫ్రెంచ్ పదాతి దళం దగ్గర, హోచిమిన్ నాయకత్వంలో స్వాతంత్ర్యం కోసం పోరాడిన వియెట్ మిన్ దగ్గర ఏ ఆయుధాలుండేవి? ఎవరివి మెరుగైనవి? వియెట్ మిన్ చేతిలో అప్పటికే ఏకే-47 ఉందా?

చివరిదానితో మొదలుపెడతాను, ఎందుకంటే మిగతా రెంటినీ తప్పుదోవ పట్టించేది అదే. లేదు. ఆ యుద్ధం ఏకేలతో జరగలేదు. సోవియెట్లు 1949లోనే ఆ రైఫిల్‌ను సైన్యంలోకి తీసుకున్నారు గానీ చాలాకాలం దాన్ని బయటివాళ్ల కంట పడనీయలేదు. చైనా తన సొంత నకలు టైప్-56 తయారీ మొదలుపెట్టింది 1956లో, అంటే ఈ యుద్ధాన్ని ముగించిన జెనీవా ఒప్పందం అయిన రెండేళ్లకు. భుజం మీంచి రాకెట్ గ్రెనేడ్ పేల్చే ఆర్‌పీజీ-7 1960ల నాటిది. అమెరికన్లతో జరిగిన తర్వాతి యుద్ధం ఫోటోలు, సినిమాలు మన కళ్లలో నిలిచిపోయి ఈ రెండు యుద్ధాలూ కలిసిపోయాయి. 1954లో ఫ్రెంచ్ వాళ్లు ఓడిపోయిన డియెన్ బియెన్ ఫూలో వాళ్ల కమాండర్ బంకర్ పైన జెండా ఊపుతున్న ప్రసిద్ధ దృశ్యం కూడా పోరు ముగిశాక, సోవియెట్ దర్శకుడు రోమన్ కార్మెన్ కెమెరా కోసం మళ్లీ నటించి చూపించినదే. కాబట్టి ఫోటో చూసి ఆయుధాల జాబితా రాసేసుకునే ముందు అది ఏ సంవత్సరానిదో చూడాలి.

నేను సైన్యంలో ఆయుధాల మరమ్మతు విభాగంలో పనిచేసి వచ్చినవాణ్ణి. వర్క్‌షాపులో పనిచేసినవాళ్లు తుపాకీ చేతికి రాగానే మొదట చూసేది దాని పేరు కాదు, అది ఏ తూటా తింటుందనేది. ఎంత గొప్ప రైఫిలైనా దాని సైజు తూటా దొరకకపోతే అది చేతికర్రే. ఈ యుద్ధాన్ని కూడా నేను ఆ వైపు నుంచే చూస్తాను. మొదటి నాలుగేళ్లు వియెట్ మిన్‌ను తుపాకుల కొరత ఎంత ఇబ్బంది పెట్టిందో తూటాల గందరగోళం అంతకంటే ఎక్కువ ఇబ్బంది పెట్టింది. 1950 తర్వాత ఆ చిక్కుముడి విడిపోవడం మొదలైంది, యుద్ధం తీరు మారింది.

ముందు ఫ్రెంచ్ వైపు చూద్దాం.

1945 శరదృతువులో ఫ్రెంచ్ వాళ్లు ఇండోచైనాకు తిరిగొచ్చినప్పుడు వాళ్ల చేతుల్లో ఫ్రాన్స్‌లో తయారైన ఆయుధాలు తక్కువే. నాలుగేళ్లు జర్మన్ల ఆక్రమణలో ఉన్న దేశం అది. అమెరికన్ థామ్సన్లు, ఎం-1 కార్బైన్లు, బ్రిటిష్ లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిళ్లు, స్టెన్లు, బ్రెన్లు, జర్మన్ల దగ్గర పట్టుకున్న మౌజర్లు, ఎంపీ-40లు, ఇలా ఎవరి దగ్గర ఏది దొరికితే అది పట్టుకొచ్చారు. రెండో ప్రపంచ యుద్ధంలో ఇండోచైనాలో తిష్ఠవేసిన జపాన్ సైన్యాన్ని నిరాయుధం చేయడానికి అప్పటికి సైగాన్‌లో దిగినది మేజర్ జనరల్ డగ్లస్ గ్రేసీ నాయకత్వంలోని 20వ ఇండియన్ డివిజన్. జపాన్ వాళ్లు మార్చి నుంచి ఖైదులో ఉంచిన ఫ్రెంచ్ సైనికులకు మళ్లీ తుపాకులు ఇచ్చింది గ్రేసీయే. సెప్టెంబర్ 23న వాళ్లు నగరంలోని ప్రభుత్వ భవనాలను పట్టుకున్నారు, దక్షిణాన పోరు అక్కడే రాజుకుంది. మన దేశం నుంచి వెళ్లిన సిపాయిలు వేరేవాళ్ల వలస పాలనను నిలబెట్టడానికి త్రీ-నాట్-త్రీలు పట్టుకుని ఆ వీధుల్లో కాపలా కాయాల్సి వచ్చింది. మన చరిత్ర పుస్తకాల్లో దీనికి చోటు దొరకకపోవడం నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది.

మెల్లగా ఫ్రాన్స్ ఫ్యాక్టరీలు లేచాక ప్రధాన రైఫిల్‌గా ఎంఏఎస్-36 వచ్చింది. 7.5 మి.మీ. తూటా, బోల్ట్ లాగి పేల్చేది, లోపల 5 తూటాలు పడతాయి. పొడవు మీటరు కంటే కాస్త ఎక్కువ, బరువు మూడున్నర కిలోల పైచిలుకు. దీన్ని ఫోటోలో గుర్తుపట్టడం చాలా తేలిక: బోల్ట్ పిడి ముందుకు వంగి ఉంటుంది. బోల్ట్‌ను పట్టి ఉంచే లగ్గులు వెనకవైపు ఉండడంతో పిడి కూడా బాగా వెనక్కి పడింది, అది చేతికి అందడానికి ముందుకు వంచారు. బాయ్‌నెట్ కత్తిలా కాక పొడవాటి ఊచలా ఉంటుంది. వాడనప్పుడు తిరగేసి బ్యారెల్ కింద ఉన్న గొట్టంలోకి దూర్చేస్తారు. ఇంకో విశేషం, దీనికి సేఫ్టీ లేదు. ఛాంబర్‌లో (తూటా పేలే గదిలో) తూటా లేకుండా మోయడం, అవసరమైనప్పుడే బోల్ట్ లాగడం అనేది ఫ్రెంచ్ వాళ్ల శిక్షణ పద్ధతి. మాటువేసి దాడి చేసే శత్రువు ఉన్న అడవి బాటలో ఆ పద్ధతి ఎంత ప్రమాదమో ఊహించండి. అయినా ఇది మొండి రైఫిల్. బురద, వాన, తుప్పు అన్నీ తట్టుకుంటుంది, విప్పి శుభ్రం చేయడానికి పనిముట్లు పెద్దగా అక్కర్లేదు. నిర్బంధ సైనిక సేవలో చేరిన ఫ్రెంచ్ కుర్రాళ్లను ఇండోచైనాకు పంపకూడదన్నది ప్రభుత్వ నిర్ణయం కాబట్టి అక్కడ పోరాడింది ఫారిన్ లీజియన్ (విదేశీయులతో కూడిన ఫ్రెంచ్ దళం), మొరాకో, అల్జీరియా, పశ్చిమ ఆఫ్రికా దళాలు, స్థానిక వియెత్నామీలు, స్వచ్ఛందంగా చేరిన ఫ్రెంచ్ సైనికులు. ఇన్ని భాషలవాళ్లకు ఒకే తుపాకీ నేర్పాలంటే అది ఇంత సాదాగానే ఉండాలి.

కానీ ఫ్రెంచ్ సెక్షన్ (పదిమందికి అటూ ఇటూ ఉండే చిన్న జట్టు) ప్రాణం రైఫిల్‌లో లేదు, ఎఫ్ఎం 24/29 అనే లైట్ మెషిన్ గన్‌లో ఉంది. మన సైన్యంలో బ్రెన్ గన్ చూసినవాళ్లకు దీని వాటం వెంటనే అర్థమవుతుంది: మ్యాగజైన్ పైనుంచి దిగుతుంది, ముందు రెండు కాళ్ల స్టాండ్, బరువు 9 కిలోల చుట్టుపక్కల. మ్యాగజైన్‌లో 25 తూటాలు. దీనికి రెండు ట్రిగ్గర్లుంటాయి. ముందుది నొక్కితే ఒక్కో తూటా, వెనకది నొక్కితే వరస. మీట తిప్పాల్సిన పనిలేదు, వేలు జరిపితే చాలు. చీకట్లో కంగారులో ఉన్న సైనికుడికి ఇంతకంటే మంచి ఏర్పాటు ఉండదు. దీని పేరులోని రెండు అంకెల వెనక కూడా తూటా కథే ఉంది. 1924 నాటి మొదటి తూటా జర్మన్ 7.92 మౌజర్ తూటాకు దాదాపు సరిపోయే పొడవులో ఉండేది. పొరపాటున ఒకటి బదులు ఇంకొకటి వేస్తే తుపాకీ పేలిపోయే ప్రమాదం. అందుకే 1929లో తూటా కేసును (మందు నింపే లోహపు గొట్టాన్ని) 4 మి.మీ. పొట్టిగా చేశారు, గన్‌ను దానికి తగ్గట్టు మార్చారు. ఫ్రెంచ్ సెక్షన్ ఎత్తుగడ అంతా ఈ గన్ చుట్టూ అల్లింది: గన్ కాలుస్తుంది, మిగతావాళ్లు ముందుకు జరుగుతారు, రైఫిల్ గ్రెనేడ్ వేసేవాడు పొదల వెనక చోట్లను కొడతాడు. వియెట్ మిన్ మాటుగాళ్లు మొదటి క్షణంలో ఎవరిని గురిచూసేవాళ్లో మీరే చెప్పగలరు.

సబ్ మెషిన్ గన్ విషయానికొస్తే 1950ల మొదట్లో వచ్చిన ఎంఏటీ-49 గురించి ఎంత చెప్పినా తక్కువే. తుల్ నగరంలోని ఆయుధ కర్మాగారం తయారీ. 9 మి.మీ. తూటా, 32 తూటాల మ్యాగజైన్, నిమిషానికి 600 దాకా వేగం. రేకు మలిచి చేసిన చవక తుపాకీయే గానీ ఆలోచన మాత్రం చవక కాదు. మ్యాగజైన్ దూర్చే భాగాన్ని మ్యాగజైన్‌తో సహా ముందుకు మడిచి బ్యారెల్ కింద ఆనించేయొచ్చు. అలా మడిస్తే తుపాకీ పేలదు, విమానంలోంచి దూకే పారాచూట్ సైనికుడి ఛాతీకి అతుక్కుపోతుంది. నేలకు దిగి ఒక్క తోపు తోస్తే సిద్ధం. పిడి వెనక అరచేతితో నొక్కి పట్టుకుంటే తప్ప పేలని సేఫ్టీ ఒకటుంది. స్టెన్ కింద పడితే దానంతటదే పేలిపోయే భయం ఉన్నచోట ఇది ఎంత నిశ్చింతో ఆ తుపాకులు మోసినవాళ్లకు తెలుసు. 7.65 మి.మీ. ఎంఏఎస్-38 కూడా కొంతకాలం వాడారు, దాని తూటా బలహీనం.

సెమీ ఆటోమేటిక్ ఎంఏఎస్-49 మంచి రైఫిలే, 10 తూటాల మ్యాగజైన్‌తో వచ్చింది. కానీ ఆలస్యంగా, తక్కువ సంఖ్యలో అందింది. దాని మీద ఇంతకంటే రాయనక్కర్లేదు.

1950 నుంచి అమెరికా సాయం వరదలా మొదలైంది. చివరికొచ్చేసరికి యుద్ధ ఖర్చులో దాదాపు 80 శాతం అమెరికాదే. పదాతి దళానికి దక్కినవి ఎం-1 కార్బైన్, బ్రౌనింగ్ మెషిన్ గన్లు, 60, 81 మి.మీ. మోర్టార్లు, 57, 75 మి.మీ. రీకాయిల్‌లెస్ గన్లు (పేలినప్పుడు వెనక్కి తన్నని తేలిక ఫిరంగులు). కార్బైన్‌ను ఫ్రెంచ్ వైపు పోరాడిన వియెత్నామీ జాతీయ సైన్యం, పారాచూట్ దళాలు బాగా ఇష్టపడ్డాయి. రెండున్నర కిలోలు కూడా లేని బరువు, 15 తూటాలు. 300 మీటర్లు దాటితే దాని తూటాలో పస ఉండదు, అయితే వెదురు పొదల మధ్య 300 మీటర్ల దూరం ఎక్కడ కనిపిస్తుంది?

ఇక్కడే ఒక చిక్కు. ఒకే ఫ్రెంచ్ బెటాలియన్‌లో 7.5 ఫ్రెంచ్ తూటా, .30-06 అమెరికన్ తూటా, కార్బైన్ తూటా, 9 మి.మీ., .45 అన్నీ ఉండేవి. ఫ్రెంచ్ వాళ్లు దీన్ని ఓడలతో, లారీలతో, విమానాలతో ఈదగలిగారు. కాపలా బురుజుల్లో కూర్చోబెట్టిన స్థానిక సహాయక దళాలకు మాత్రం మొదటి ప్రపంచ యుద్ధం నాటి లెబెల్, బెర్తియే రైఫిళ్లు, వాటికి 8 మి.మీ. తూటాలు ఇచ్చి సరిపెట్టారు. రోడ్ల వెంబడి కట్టిన ఆ చిన్న బురుజులే ఎదుటివాళ్లకు ఆయుధాల దుకాణాలయ్యాయి. 1948 మార్చి 18 అర్ధరాత్రి దాటాక బియెన్ హోవా దగ్గర బా కియెన్ వంతెన బురుజును కొద్దిమంది నిచ్చెనలు వేసి ఎక్కి, గ్రెనేడ్లతో పట్టుకున్నారు. వియెత్నాం సైన్యంలోని ప్రత్యేక దళం 'డాక్ కోంగ్' తన దాడి పద్ధతి పుట్టుకను ఆ రాత్రి నుంచే లెక్కపెట్టుకుంటుంది.

ఇక వియెట్ మిన్. వీళ్ల మొదటి లెక్క వియెత్నాంలో ప్రతి బడిపిల్లవాడికీ తెలుసు. 1944 డిసెంబర్ 22న కావో బాంగ్ అడవిలో వో న్గుయెన్ గియాప్ (తర్వాత వియెట్ మిన్ సేనాధిపతి) ఏర్పాటు చేసిన తొలి దళంలో 34 మంది, 34 ఆయుధాలు. వాటిలో 17 రైఫిళ్లు, 2 రివాల్వర్లు, ఒకే ఒక్క ఆటోమేటిక్, మిగతా 14 మందుకూరి పేల్చే నాటు తుపాకులు, మన దగ్గర భర్మారులని పిలిచే రకం. మూడు రోజులకే ఫాయ్ ఖాట్, మర్నాడు నా న్గాన్ అనే రెండు ఫ్రెంచ్ ఔట్‌పోస్టులను పట్టుకుని అక్కడి తుపాకులు, తూటాలు తెచ్చుకున్నారు. వాళ్ల సరఫరా పద్ధతి ఏమిటో మొదటి వారంలోనే తేలిపోయింది.

1945లో అదృష్టం మూడు వైపుల నుంచి వచ్చింది. మార్చి 9న జపాన్ ఒక్కసారిగా ఫ్రెంచ్ దండును నిరాయుధం చేసింది, ఆ గందరగోళంలో చాలా తుపాకులు చేతులు మారాయి. జులైలో అమెరికన్ గూఢచార సంస్థ ఓఎస్ఎస్ బృందం ఒకటి తాన్ చావో దగ్గర దిగి, జపాన్‌కు వ్యతిరేకంగా పోరాడతారన్న నమ్మకంతో వియెట్ మిన్‌కు కార్బైన్లు, థామ్సన్లు ఇచ్చి తర్ఫీదు కూడా ఇచ్చింది. ఆగస్టులో జపాన్ లొంగిపోయాక దాని గిడ్డంగుల్లోని సామగ్రిలో కొంత వియెట్ మిన్‌కు చిక్కింది. ఉత్తరాన జపాన్‌ను నిరాయుధం చేయడానికి వచ్చిన చైనా జాతీయవాద సైన్యం తుపాకులు అమ్ముకోవడానికి వెనకాడలేదు. సెప్టెంబర్‌లో 'బంగారు వారం' పేరుతో జనం ఇచ్చిన విరాళం 370 కిలోల బంగారం. కొత్త ప్రభుత్వం తుపాకులు కొనగలిగిందంటే ఇలాంటి విరాళాల వల్లే. ఆడవాళ్లు పెళ్లి ఉంగరాలు, చెవిపోగులు తీసి ఇచ్చారు.

ఇప్పుడు వర్క్‌షాపు మనిషిగా నన్ను కట్టిపడేసే భాగం. 1947 నాటి వియెట్ మిన్ రెజిమెంట్‌ను ఊహించుకోండి. ఒక కుర్రాడి దగ్గర జపాన్ టైప్-38 అరిసాకా, 6.5 మి.మీ., పొడవు 1.28 మీటర్లు, బాయ్‌నెట్ పెడితే మోసేవాడి కంటే ఎత్తు. అయితే చిన్న తూటా, పొడుగు బ్యారెల్ కావడంతో మంట వెలుగు దాదాపు కనిపించదు, మాటుగాడికి అది వరం. పక్కవాడి దగ్గర టైప్-99, 7.7 మి.మీ. మూడోవాడి దగ్గర చైనాలో తయారైన మౌజర్, 7.92. నాలుగోవాడికి లెబెల్, 8 మి.మీ. ఐదోవాడికి ఎంఏఎస్-36, 7.5. ఆరోవాడికి బ్రిటిష్ .303. నాకు తెలిసిన అసలు తలనొప్పి వేరే ఉంది. జపాన్ సైన్యం '7.7' అని పిలిచే తూటాలోనే రకాలున్నాయి. టైప్-99 రైఫిల్‌కు అడుగున అంచు లేని కేసు. టైప్-92 హెవీ మెషిన్ గన్‌కు మొదట చేసినది సగం అంచున్న కేసు. అది రైఫిల్‌లో ఇమడదు, రైఫిల్ తూటా మాత్రం ఆ గన్‌లో పేలుతుంది. జపాన్ నౌకాదళం వాడే 7.7 ఈ రెంటికీ చెందదు, అది బ్రిటిష్ .303కి జోడీ. పెట్టె మీద జపాన్ అక్షరాలు చదవలేని సప్లై సార్జెంటు రాత్రిపూట తూటాలు పంచుతున్నాడనుకోండి. మర్నాడు ఉదయం దాడిలో సగంమంది బోల్ట్ మూసుకోక ఏడుస్తారు.

దీనికి వాళ్లు కనుక్కున్న మందు ఓపిక. ఒకే కాలిబర్ (తూటా సైజు) తుపాకులన్నీ వీలైనంతవరకు ఒకే దళానికి చేర్చడం, పేల్చిన ప్రతి ఖాళీ కేసునూ ఏరుకొచ్చి అప్పజెప్పమనడం, వాటికి కొత్త ప్రైమర్ (మందును అంటించే చిన్న టోపీ), మందు, గుండు బిగించి మళ్లీ తూటా చేయడం. ఇలా చేతితో నింపిన తూటాలో మందు కొలత ఒక్కలా ఉండదు. కొన్ని తుస్సుమంటాయి, కొన్నిట్లో కేసు చీలి ఛాంబర్‌లో ఇరుక్కుంటుంది. అందుకే ఆ రోజుల్లో ఒక్కో రైఫిల్‌మన్‌కు దక్కే తూటాలు వేళ్ల మీద లెక్కపెట్టుకునేటన్ని, దూరం నుంచి కాల్పులు నిషేధం, దగ్గరికి వెళ్లి గ్రెనేడ్‌తో మొదలుపెట్టడం రివాజు. 'గెరిల్లా ఎత్తుగడ' అని పుస్తకాల్లో రాసేదాంట్లో పెద్దభాగం తూటాలు లేకపోవడం నుంచి పుట్టిందని నా గట్టి అభిప్రాయం.

తయారీ వైపు చెప్పుకోవలసిన పేరు ట్రాన్ దాయ్ న్గియా. అసలు పేరు ఫామ్ క్వాంగ్ లె, 1913లో మెకాంగ్ డెల్టాలోని విన్ లోంగ్‌లో పుట్టాడు, ఫ్రాన్స్‌లో ఇంజనీరింగ్ చదివాడు. 1946లో హోచిమిన్‌తో కలిసి స్వదేశానికి వచ్చేశాడు. ఆ డిసెంబర్‌లోనే హోచిమిన్ అతనికి కొత్త పేరు పెట్టి ఆయుధ తయారీ విభాగం అప్పగించాడు. హనోయ్ నుంచి లేత్ మెషిన్లు విప్పి మనుషుల భుజాల మీద, పడవల్లో వియెట్ బాక్ కొండల్లోకి చేర్చారు. రైలు పట్టాల ఉక్కును కరిగించి, సాగదీసి గొట్టాలు చేశారు. అమెరికన్ నమూనా చూసి అతను చేసిన బజూకా (ట్యాంకుల మీదికి రాకెట్ వదిలే గొట్టం) మొదట్లో సరిగా పేలలేదు. 1947 మార్చిలో హనోయ్ పడమటి దారిలో ఫ్రెంచ్ కవచ వాహనాలను ఆపింది. తర్వాత వచ్చిన ఎస్‌కేజెడ్ అనే రీకాయిల్‌లెస్ గన్ ఇంకా గొప్ప పని: 60 మి.మీ. గొట్టం, దాని మూతికి బయట పెద్ద తలతో ఉన్న బాంబు, కాంక్రీటు బంకర్ గోడను పగలగొట్టే దెబ్బ. మనుషులే విడదీసి మోసుకెళ్లగలరు. పెద్ద దేశాల సైన్యాలు ఇలాంటివి ఫీల్డులోకి తెచ్చి కొన్నేళ్లే అయింది, వీళ్లు పాకల్లో పెట్రోమాక్స్ లైట్ల కింద చేశారు.

ఆ బజూకా రాకముందు ఏం వాడారో కూడా చెప్పాలి. 1946 డిసెంబర్ 19న హనోయ్‌లో పోరు మొదలైనప్పుడు ట్యాంకుల మీదికి 'బోమ్ బా కాంగ్' పట్టుకెళ్లారు. జపాన్ వాళ్ల ఆలోచన అది. పొడవాటి కర్ర చివర గరాటు ఆకారపు మందు డబ్బా, ముందు మూడు ఇనప ముళ్లు. పిన్ను తీసి పరిగెత్తి ట్యాంకు పక్కలోకి పొడవాలి. ముళ్లు తాకగానే పేలుతుంది. పొడిచినవాడు బతకడు. ఆ దళాల్లో ఉన్నది ఎక్కువగా నగర యువకులు, కార్మికులు.

బంకర్లకు, ముళ్లకంచెలకు వాడింది 'బోక్ ఫా'. వెదురు గొట్టంలోనో కర్ర చివరో కట్టిన మందు. కంచె కిందికి తోసి దారి తెరవడం, బంకర్ కన్నంలో పెట్టి పేల్చడం. ఇది తుపాకుల జాబితాల్లో కనిపించదు గానీ వియెట్ మిన్ పదాతి దళం కోటలు పట్టింది ప్రధానంగా దీనితోనే. 1950 సెప్టెంబర్‌లో డోంగ్ ఖె దాడిలో లా వాన్ కావ్ అనే తాయ్ తెగ యువకుడికి ముంజేయి తూటాతో నుజ్జయింది. వేలాడుతున్న చేయి అడ్డొస్తోందని తోటివాడిచేత నరికించుకుని, మిగిలిన చేత్తో మందుమూట తీసుకెళ్లి బంకర్‌కు ఆనించాడు. అతను బతికాడు, వియెత్నాం అతన్ని ఇప్పటికీ వీరుడిగా తలచుకుంటుంది.

ఆ డోంగ్ ఖె దగ్గరే యుద్ధం మలుపు తిరిగింది. అది పడిపోయాక ఫ్రెంచ్ వాళ్లు చైనా సరిహద్దు వెంట సాగే 4వ నంబర్ రోడ్డు మీద కావో బాంగ్‌ను ఖాళీ చేయబోయి, అక్టోబర్‌లో రెండు పెద్ద దండులను సున్నపురాయి కొండల మధ్య పోగొట్టుకున్నారు. భయపడి లాంగ్ సాన్‌ను కూడా, గిడ్డంగులు నిండుగా ఉండగానే, వదిలేశారు. చరిత్రకారుడు బెర్నార్డ్ ఫాల్ లెక్క ప్రకారం ఆ దెబ్బకు ఫ్రెంచ్ వాళ్లు పోగొట్టుకున్నవి 13 ఫిరంగులు, 125 మోర్టార్లు, 940 మెషిన్ గన్లు, 1,200 సబ్ మెషిన్ గన్లు, 8,000కు పైగా రైఫిళ్లు. ఒక కొత్త డివిజన్‌కు సరిపోయేంత. వాటితోపాటు తూటాలు కూడా దొరికాయి. ఎంఏఎస్-36, ఎఫ్ఎం 24/29 ఒకే తూటాతో పనిచేస్తాయి కాబట్టి ఒక్కసారిగా పూర్తి దళాలను ఒకే సరఫరాపై నడిపే వీలు కలిగింది.

అదే ఏడు చైనా సరిహద్దు తెరుచుకుంది. చైనా సలహాదారులు వచ్చారు, వియెట్ మిన్ రెజిమెంట్లు యున్నాన్ వెళ్లి తర్ఫీదు పొందాయి. చైనా నుంచి వచ్చిన వాటిలో 7.92 మౌజర్ రైఫిళ్లు, అదే తూటా వాడే చెక్ జెడ్‌బీ-26 లైట్ మెషిన్ గన్లు, జాతీయవాదుల నుంచి పట్టుకున్న అమెరికన్ ఆయుధాలు, టైప్-50 సబ్ మెషిన్ గన్లు ఉన్నాయి. టైప్-50 అంటే సోవియెట్ పీపీఎస్ఎచ్ నకలు, 7.62 టోకరేవ్ తూటా. కెనడాలో చైనా కోసం 7.92కు తయారు చేసిన బ్రెన్లు కూడా తిరిగి తిరిగి ఇక్కడికి చేరాయి. ఫోటోలో బ్రెన్‌లా కనిపించే గన్‌కు మ్యాగజైన్ బాగా వంకరగా ఉంటే .303, నిటారుగా ఉంటే ఈ చైనా రకం.

ఆయుధాలు దొరికాక వెంటనే తెలివి రాదు. 1951 జనవరిలో విన్ యెన్ దగ్గర గియాప్ పగటిపూట మైదానంలోకి దిగాడు. నాపాం (అంటుకుని మండే బాంబులు), ఫిరంగులు అతని దళాలను ఘోరంగా దెబ్బతీశాయి. 1952 చివర్లో నా సాన్ దగ్గర కూడా ముళ్లకంచెల మీదికి పంపిన అలలు విరిగిపోయాయి. ఆ రెండు దెబ్బల తర్వాత వాళ్లు నేర్చుకున్న పాఠమే డియెన్ బియెన్ ఫూ.

ఆ పోరు మొదలవ్వకముందే, 1953 డిసెంబర్‌లో మువోంగ్ పోన్ దగ్గర జరిగిన ఒక ఘటన. కొద్దిమందితో ఒక దళం ఫ్రెంచ్ ఎదురుదాడిని ఆపుతోంది. లైట్ మెషిన్ గన్ స్టాండ్ పెట్టడానికి నేల అనువుగా లేదు, ఎదురుగా ఏదీ కనిపించడం లేదు. అప్పటికే గాయపడిన బే వాన్ దాన్ లేచి, గన్ రెండు కాళ్లనూ తన భుజాల మీద పెట్టుకుని పట్టుకున్నాడు, కాల్చమన్నాడు. గన్నర్ జంకితే గద్దించాడు. దాడి ఆగింది, అతను ఆ గన్ కాళ్లు పట్టుకునే చనిపోయాడు. చెవుల పక్కన అంగుళాల దూరంలో పేలే మెషిన్ గన్ చప్పుడు, వేడి గాలి ఎలా ఉంటాయో రేంజ్‌లో నిలబడినవాళ్లకు తెలుసు. ఆ పని చేయడం ఎంత కష్టమో నాకు మాటల్లో చెప్పడం రాదు.

1954 మార్చి 13 నుంచి మే 7 వరకు సాగిన డియెన్ బియెన్ ఫూ గురించి అందరూ ఫిరంగుల కథే చెబుతారు. పదాతి దళం వైపు చూస్తే అసలు పనిముట్టు పార. కందకాలు రోజుకు కొన్ని మీటర్లు జరుగుతూ ఫ్రెంచ్ కంచెల దాకా వచ్చేశాయి. ఎదురెదురు కందకాల మధ్య 30, 40 మీటర్లే మిగిలిన చోట రైఫిల్ మంచిదా కాదా అనే ప్రశ్నే లేదు. అక్కడ పనికొచ్చేవి గ్రెనేడ్, సబ్ మెషిన్ గన్, మోర్టార్. ఫ్రెంచ్ వాళ్లు ఎలియాన్-2 అన్న కొండను వియెట్ మిన్ ఏ-1 అనేవాళ్లు. దాని కిందికి సొరంగం తవ్వి మే 6 రాత్రి దాదాపు ఒక టన్ను మందు పేల్చారు, ఆ గొయ్యి ఇప్పటికీ ఉంది. లోపల ఉన్న ఫ్రెంచ్ దండుకు తూటాలు పారాచూట్లతోనే రావాలి. చుట్టూ కోట కుదించుకుపోయేకొద్దీ ఆ మూటల్లో చాలా భాగం ఎదుటి కందకాల్లో పడేవి. బయట ఉన్నవాళ్లకు మాత్రం 20 వేలకు పైగా సైకిళ్లు, ఒక్కోదాని మీద 200 కిలోల దాకా సరుకు, లక్షలమంది కూలీలు. తూటాల లెక్క పూర్తిగా తిరగబడింది అక్కడే.

ఇక ఎవరి ఆయుధాలు మెరుగైనవి? ఒక్కొక్కటిగా పోలిస్తే ఫ్రెంచ్ వాళ్లవే. ఎఫ్ఎం 24/29 ఆ తరంలో మేలైన లైట్ మెషిన్ గన్లలో ఒకటి, ఎంఏటీ-49కు ఆ అడవుల్లో పోటీ లేదు. 1946లో ఈ తేడా చాలా పెద్దది. 1953 వచ్చేసరికి సెక్షన్ స్థాయిలో తేడా దాదాపు చెరిగిపోయింది, మిగిలింది విమానాలు, భారీ ఫిరంగులు. వాటిని వాడటానికి వీల్లేని చోటును, వేళను ఎంచుకోవడం గియాప్ సేనల పని అయింది: రాత్రి, పొగమంచు, కొండ మలుపు, 50 మీటర్ల దూరం. 1954 జూన్ 24న ఆన్ ఖె దగ్గర 19వ నంబర్ రోడ్డు మీద మొబైల్ గ్రూప్ 100 అనే ఫ్రెంచ్ వాహన దళం ధ్వంసమైంది. అందులో కొరియాలో అమెరికన్లతో కలిసి పోరాడి వచ్చిన ఫ్రెంచ్ బెటాలియన్ ఉంది, మంచి ఆయుధాలున్నాయి, అనుభవం ఉంది. ఇరుకు దారిలో వాహనాల వరస ఆగిపోయాక ఏదీ అక్కరకు రాలేదు.

ఒకే ఒక్క తుపాకీ మీద చివరి మాట. ఎంఏటీ-49 వియెట్ మిన్‌కు వేల సంఖ్యలో దొరికింది, వాళ్లకూ అది బాగా నచ్చింది. యుద్ధం ముగిశాక 9 మి.మీ. తూటాలు తెప్పించుకునే దారి లేదు. చైనా, సోవియెట్ల నుంచి 7.62 టోకరేవ్ తూటాలు మాత్రం కావలసినన్ని వస్తున్నాయి. దాంతో ఆ తుపాకులకు కొత్త బ్యారెల్ బిగించారు, మునుపటి కంటే పొడవైనది, 35 తూటాల మ్యాగజైన్ పెట్టారు. 1960లలో దక్షిణాన అమెరికన్లకు పట్టుబడిన ఎంఏటీ-49లలో ఇలాంటివి చాలానే ఉన్నాయి. మ్యూజియంలోనో ఫోటోలోనో మీకు బ్యారెల్ పొడవుగా సాగిన ఎంఏటీ-49 కనిపిస్తే అది ఉత్తర వియెత్నాం వర్క్‌షాపులో మార్చినది.